సరిపోలేదు

ఆపరేషన్‌కు ముందు రోగుల అనుమానాలు తీర్చడం ఆమె ఉద్యోగం. కాలేయం మార్చే ఆ వార్డులో అందరూ ఆమెను ధైర్యం మేడమ్ అంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. జవాబులు చెప్పినంత మాత్రాన ధైర్యం వచ్చేస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. పక్కన కాసేపు కూర్చుంటే ఎదుటి మనిషి ఊపిరి కాస్త తేలికపడుతుంది, అంతే.

కిటికీ పక్క మంచం మీది దర్జీ అడిగే ప్రశ్నలే వేరు. మత్తు నుంచి లేస్తానా అని కాదు, లోపల ఏ కుట్టు వేస్తారని. కొన్నాళ్ళకు కరిగిపోయే దారం వాడతారని ఆమె చెబితే, అలాంటి దారంతో తను కుట్టి ఉంటే జనం నడివీధిలో తన్నేవాళ్ళన్నాడు. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలైన మనిషి అలా నవ్విస్తుంటే ఆమె మరికాసేపు అక్కడే కూర్చునేది.

తన కాలేయంలో కొంత ఇస్తానని తమ్ముడు ముందుకొచ్చాడు. పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. ఆఖరున, ఇచ్చేవాళ్ళను ఒంటరిగా కూర్చోబెట్టి మనసులో మాట అడగడం అక్కడి పద్ధతి. తలుపు మూయగానే తమ్ముడు నోరు విప్పాడు. అన్నయ్యంటే ప్రాణమేనని, కానీ కళ్ళు మూస్తే తండ్రి లేకుండా మిగిలిపోయిన తన చంటిపిల్లే కనిపిస్తోందని చెప్పాడు.

"నా వల్ల కాదు మేడమ్. అన్నయ్యకి మాత్రం చెప్పకండి."

వద్దన్నవాళ్ళను అక్కడ ఎవరూ బలవంతపెట్టరు. కారణమూ బయటపెట్టరు. అలాంటప్పుడు వార్డులో అందరూ వాడే మాట ఒకటుంది. దర్జీ మంచం దగ్గరకు వెళ్ళి ఆమె ఆ మాటే అంది.

"మీ తమ్ముడిది సరిపోలేదండీ."

మీ ఒంటికి కుదరలేదని ఆమె చెప్పదలచుకుంది. బతుకంతా గుడ్డ కొలిచినవాడికి అది మరోలా వినబడింది.

"ఎంత తక్కువైంది? కొంచెమే అయితే ఇంకెవరిదైనా అతుకు వెయ్యండి. లోపలేగా, ఎవరు చూడొచ్చారు?"

అతుకులు కుదరవంది ఆమె. చనిపోయినవాళ్ళెవరిదైనా దొరుకుతుందేమోనని పేరు రాయించామని కూడా చెప్పింది. అంతవరకు ఈ మనిషి ఆగలేడని డాక్టర్ పొద్దునే అన్న సంగతి చెప్పలేదు. దర్జీ అదంతా పక్కింటివాళ్ళ విషయంలా విని, మంచం చివర నిలబడ్డ తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు.

"చిన్నప్పట్నుంచీ ఇంతే మేడమ్, బక్కోడు. వీడికి చొక్కా కుడితే గుడ్డ మిగిలేది. వీణ్ణేమనకండి."

తమ్ముడి చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుని, తను ముట్టని మధ్యాహ్నం అన్నం పళ్ళెం అతని ఒళ్ళో పెట్టాడు.

"తింటే సరిపోయేది కాదండీ," అంది ఆమె మెల్లగా.

"మరి దేంతో సరిపోతుంది? మీరు చెప్పండి, చేద్దాం."

అతను ఇన్నాళ్ళూ అడిగినవాటన్నిటికీ ఆమె జవాబు చెప్పింది. దీనికీ జవాబు తెలుసు. తమ్ముడు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమె కళ్ళు దించుకుని, దుప్పటి అంచు సరిచేసింది.

తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది నమలడమూ కాలేదు, మింగడమూ కాలేదు. పొలమారింది. అంతకన్నా చేయగలిగింది లేక ఆమె గ్లాసులో నీళ్ళు పోసి అందించింది. దర్జీ తమ్ముడి వీపు నిమిరాడు.

"నిదానంగా తినరా," అన్నాడు. "తొందరేముంది?"