తీసుకోవడం రాని అక్కగారు

పెద్ద తోడికోడలికి ఇవ్వడం ఒక్కటే తెలుసు. గొడుగో, ఫ్లాస్కో, తనకు బిగుతైన చెప్పులో, ఏదో ఒకటి చిన్న తోడికోడలి చేతిలో పెట్టందే ఆవిడకు తోచదు. తిరిగి ఏమైనా ఇవ్వబోతే మాత్రం "నాకెందుకే, నువ్వుంచుకో" అంటుంది. థాంక్స్ చెప్పీ చెప్పీ చిన్నావిడ నోరు నొప్పెట్టింది. ఒక్కసారైనా అక్కగారి నోట ఆ మాట వినాలని ఆమెకు మహా కోరిక.

ఒకరోజు అక్కగారు మెట్ల మీద జారి కుడిచేతికి కట్టు వేయించుకుంది. చిన్నావిడ పలకరించడానికి వెళ్ళేసరికి అద్దం ముందు ఎడమచేత్తో జుట్టుతో కుస్తీ పడుతోంది.

"ఇటు తిరగక్కా, జడ వేస్తాను."

"ఎందుకులే, నాకొచ్చు."

"వచ్చని తెలుసు. సాయంత్రానికైనా అవుతుందా అని!"

అక్కగారు మూతి ముడుచుకుని పీట మీద కూర్చుంది. చిన్నావిడ చిక్కులు తీసి, తీరిగ్గా అల్లి, రబ్బరు బ్యాండు వేసి, ఆ మాట కోసం చెవులు రిక్కించింది.

అక్కగారి పెదవులు కదిలాయి కానీ మాట పెగల్లేదు. అలవాటు లేని పని మరి! కాసేపు గింజుకుని, బల్ల మీది దువ్వెన తీసి చాచింది.

"ఇది నువ్వు తీసుకో. నా దగ్గర ఇంకోటుంది."

దానికి నాలుగు పళ్ళు లేవు. చిన్నావిడకు ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. ఏమీ ఇవ్వకుండా ఊరుకోవడం ఆవిడకు చేతి నొప్పికన్నా పెద్ద బాధలా ఉంది.

"చాలా బావుందక్కా, థాంక్స్."

అక్కగారు హాయిగా ఊపిరి పీల్చుకుంది. "రేపు కూడా రా," అంది, "నూనె సీసా ఒకటుంది, ఇస్తాను."