హుసేనమ్మ వెంట వచ్చిన సందు

విశాఖపట్నంలో వీధులు కొత్త మనుషులను చూస్తే సిగ్గుపడి పక్కకు తప్పుకుంటాయన్న సంగతి హుసేనమ్మకు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తెలుస్తుంది. ఆమె పూర్ణా మార్కెట్ నుంచి జగదాంబ వైపు అడుగు వేయగానే, ఆ వీధి తన అంగళ్లనూ కరెంటు స్తంభాలనూ ఒళ్లోకి లాక్కుని వెళ్లిపోతుంది. ఎర్రమట్టి మాత్రం మిగులుతుంది.

హుసేనమ్మ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్లు నంద్యాలలో టికెట్లు కొట్టింది. రెండేళ్ల కిందట భర్త మద్దిలేటి పోయాడు. రోజూ సాయంత్రం అతను ఎక్కే స్టాపులో డ్రైవరు అలవాటుగా బ్రేకు వేసేవాడు. తలుపు తెరుచుకునేది. ఎవరూ ఎక్కేవారు కాదు. ఆ తలుపు చప్పుడు వినలేక, తానే అడిగి ఇంత దూరం బదిలీ చేయించుకుంది. రేపు ఇక్కడ మొదటి డ్యూటీ. ఊరంతా నడిచి స్టాపుల పేర్లు నేర్చుకుందామని ఇవాళ బయలుదేరింది.

పదకొండింటికల్లా తొమ్మిది వీధులు తప్పుకుంటాయి. ఆశీలమెట్ట ఆమెను దూరం నుంచే చూసి తలుపులు వేసుకుంటుంది.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూస్తుంది. ఒక సందు. ఆరిళ్లు, ఒక కుళాయి, ఒక అరుగు. ఆమె ఆగితే ఆగుతుంది, నడిస్తే నడుస్తుంది. అరుగు మీద ఒక ముసలావిడ చేపల పులుసుకు చింతపండు పిసుకుతూ ఉంటుంది.

"ఏంటికి నా ఎంట పడినారు?" అంటుంది హుసేనమ్మ.

"నానేటి సేసేదమ్మా! సందు ఎల్తంటే ఇళ్లు ఎల్తన్నాయి. ఇళ్లు ఎల్తంటే నానూ ఎల్తన్నాను," అంటుంది ముసలావిడ. ఆమె పేరు పైడితల్లి. "రోడ్డంతా ఉన్నా నువ్వు ఓ పక్కకే నడుస్తన్నావు, కుడిపక్క ఎవరికో సోటొదిలినట్టు. ఖాళీయే కదాని మా సందు వొచ్చీసింది."

హుసేనమ్మకు ఒళ్లు మండుతుంది. "అది ఖాళీ కాదు. మా ఇంటాయన చోటు."

సందు తల దించుకుంటుంది. కిటికీలు ఒకటొకటే మూసుకుంటాయి. కుళాయి చివర వేలాడుతున్న చుక్క పడకుండా ఆగిపోతుంది.

"పొమ్మంటే పోతాదిలే అమ్మా," అంటుంది పైడితల్లి నెమ్మదిగా. "పెద్ద రోడ్డేసినప్పుడు దీని సోటు పోయింది. మూడేళ్లయింది, ఎక్కడా కూకోలేదు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నిలబడ్డ మనిషిని చూసి మొహం తిప్పుకున్నది లేదు హుసేనమ్మ. కుడిపక్కకు తిరుగుతుంది. బస్సులో రోజుకు వందసార్లు అరిచే మాటనే ఇప్పుడు గొంతు తగ్గించి అంటుంది.

"ఏమయ్యా, రవ్వంత జరుగు. పాపం, వాళ్లూ నిలబడే ఉండారు."

గాలి జరుగుతుంది. సందు తన అరుగును ముడుచుకుని, మెట్లను దగ్గరకు లాక్కుని ఆమె పక్కన సర్దుకుంటుంది. అందరికీ చోటు సరిపోతుంది. హుసేనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, పైడితల్లి చూడనట్టు చింతపండు పిప్పి ఏరుతుంది.

పక్కన ఒక సందు ఉన్న మనిషంటే మిగతా వీధులకు బెరుకు పోతుంది. సిరిపురం తిరిగి వస్తుంది. అల్లిపురం తన పేరు తానే చెప్పుకుంటుంది. ఆశీలమెట్ట తలుపులు తీసి, మంచినీళ్లు కావాలా అని అడుగుతుంది. హుసేనమ్మ ప్రతి పేరునూ పైకి పలుకుతుంది. సాయంత్రానికి ఊరంతా నోటికి వచ్చేస్తుంది.

సముద్రం కనిపించగానే సందు ఆగుతుంది.

"దీనికి ఇక్కడ నచ్చినాది," అంటుంది పైడితల్లి. సందు ఇసుక మీద కూర్చుని, మూడేళ్ల తర్వాత మొదటిసారి కాళ్లు చాపుకుంటుంది. దానికి అడ్డం రాకూడదని సముద్రం తన అంచును చీర కుచ్చిళ్లలా పైకెత్తి వెనక్కి జరుగుతుంది.

అంచు కింద, పొడినేల మీద, ఐదు కొండలు చేతిసంచులతో వరసగా నిలబడి ఉంటాయి.

"మేం ఈ ఊరికి కొత్తండీ," అంటుంది అన్నిటికన్నా చిన్న కొండ. "ఎటెళ్లాలో కాస్త సెప్తారా?"

"నా ఎంబడి రాండి," అంటుంది హుసేనమ్మ. "పైలంగా, మెల్లగా."

చిన్న కొండ తన మొదటి అడుగు ఎత్తుతుంది. దాని పాదం కింద ఇన్నాళ్లూ అణిగి ఉన్న పావురాలు రెక్కలు దులుపుకుని, తడి లేకుండా, వందల్లో పైకి లేస్తాయి.