తాడు సూటిదే

సాతర్కుల్ తాము కడుతున్న గుడారపు కర్ర జాలీ గోడ ముందు చతికిలబడి, తమ్ముడి మీద నిప్పులు చెరిగాడు.

"నడిమి మూడు బద్దలూ పాముల్లా మెలికలు తిరిగాయి. వంచే ముందు కర్రకి ఆవిరి సరిగ్గా పట్టలేదురా నువ్వు! ముప్పై ఏళ్ళు నేర్పితే ఇదా?"

ఎసెన్‌కాన్ బద్ద వెంట తాడు లాగి పట్టాడు. "చూడన్నా. సూటిగా లేదూ?"

"తాడూ వంకరే."

"అయితే ఆ కొండల్ని కూడా నేనే వంచానంటావు." తాడు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

సాతర్కుల్ ఆ మూడింటి తోలు ముడులు కోసి, కొత్త బద్దలు వంచి బిగించాడు. అవీ మెలికలే.

భార్య బురుల్ టీ తెచ్చింది. ఆమె ముఖం మధ్యలో మసి పూసినట్టుంది.

"నీ ముక్కేదే?"

"నలభై ఏళ్ళుగా ఉన్నచోటే ఉంది." నవ్వుతూనే ఆమె అతని కుడికన్ను మూసింది. బద్దలు సూటిగా నిలిచాయి. ఎడమకన్ను మూసింది. "మళ్ళీ మెలికలే," అన్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

మర్నాడే పట్నం వెళ్ళారు.

"వయసుతో వచ్చే జబ్బు, తాతా," అంది డాక్టరమ్మ. "కంటి వెనక పొర నడిమధ్య నెత్తురు నాళాలు కారుతున్నాయి. కంట్లోకే సూది వెయ్యాలి. మొద్దుబారే చుక్కలు వేస్తాంలే. పోయిన చూపంతా రాకపోవచ్చు, ఉన్నది నిలబెడదాం. సిగరెట్ మానెయ్."

"మళ్ళీ బద్దలు వంచగలనా?"

"అందుకేగా ఈ తొందరంతా."

గళ్ళ కాగితం ఒకటి ఇచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని రోజూ ఒక్కో కన్నూ మూసి చూడాలి. గీత కొత్తగా వంగితే ఆ రోజే రావాలి.

"ఇలాంటి గళ్ళ గోడ మా ఇంట్లో మనిషంత ఎత్తుంది."

"అదీ చూడు. ఈ కాగితమూ చూడు."

మూడు నెలలు, మూడు సూదులు. అతని కంటికి రెండు బద్దలు సర్దుకున్నాయి. ఒకటి మొండికేసింది. సాతర్కుల్ తమ్ముడి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తాడు సూటిదే," అన్నాడు. అంతకు మించి చెప్పడం అతనికి చేతకాదు.

"ఆ మాటకి మూడు నెలలా?"

"కంట్లో సూదులు పడ్డాయిరా."

ఎసెన్‌కాన్ టోపీ పెట్టుకుని వెంట నడిచాడు.

ఇప్పుడు బద్దను చేత్తో తడిమి వంచేది అన్న. తాడు పట్టి సరిచూసేది తమ్ముడు. పొద్దున్నే, పని మొదలెట్టే ముందు, సాతర్కుల్ కాగితం చూసి, ఎడమకన్ను మూసుకుని గోడకేసి చూస్తాడు.

"ఒకటి వంకర."

"ఏది?"

"నిన్నటిదే."

"అయితే పట్టు," అంటాడు ఎసెన్‌కాన్, వేడి బద్ద అందిస్తూ.