గోళీల వాయిద్యం

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటి నేను ఒక మాటను పాతికేళ్ళు కడుపులో దాచుకున్నాను. ఎలా దాచానని అడగకండి. ఎలా కక్కానో చెప్తాను.

మా నాన్నది టీవీల దుకాణం. కొత్తవి అమ్మేవాడు, పాతవి బాగుచేసేవాడు. నాకు పదేళ్ళు, తమ్ముడికి ఏడేళ్ళు ఉన్నప్పుడు ఒక టీవీ కంపెనీ వాళ్ళు తమ టీవీలో రంగులు ఎంత బాగా కనిపిస్తాయో చూపించుకోవడానికి ఒక సీడీ ఇచ్చి వెళ్ళారు. అది కంప్యూటరు మీద తయారుచేసిన బొమ్మలపాట. అందులో మనుషులే లేరు. ఒక పెద్ద ఖాళీ హాలు, మధ్యలో ఇత్తడి గొట్టాల యంత్రం. గొట్టంలోంచి గోళీ ఎగిరి, గాల్లో వంపు తిరిగి, సరిగ్గా వెళ్ళి ఒక ఉక్కు పట్టీ మీద పడేది. టింగుమనేది. దాని వెనకే ఇంకోటి, దాని వెనక మరోటి. వందల గోళీలు, ఒక్కటి గురి తప్పితే ఒట్టు. దుకాణంలో తొమ్మిది టీవీలుంటే తొమ్మిదింటిలోనూ పొద్దస్తమానం అదే పాట. మాకు పిచ్చెక్కిపోయింది.

తమ్ముడైతే బడి నుంచి రాగానే కౌంటరెక్కి కూర్చుని రెప్ప వేసేవాడు కాదు. అందుకే వాడికి గోళీ అని పేరు పడింది. ఇప్పుడు వాడికి ముప్పై రెండేళ్ళు. జ్యూసు సీసాలు నింపే ఫ్యాక్టరీలో మెకానిక్కు. వాడి పెళ్ళాం కూడా గోళీ అనే పిలుస్తుంది.

"నాన్నా, ఈ వాయిద్యం ఎక్కడుంది?" అని అడిగాడు వాడు ఒకరోజు.

"ఒక ఊళ్ళో పెద్ద హాల్లో ఉంది. పెద్దయ్యాక తీసుకెళ్తాలే" అన్నాడు నాన్న.

వాడు ఆ మాట పట్టుకెళ్ళి బళ్ళో చెప్పాడు. అదంతా కంప్యూటరు బొమ్మ అని బడి బడంతా నవ్వింది. ముక్కు చీదుకుంటూ వచ్చిన వాడితో నాన్న ఏమాత్రం తడబడకుండా, "లేదని ఎవరన్నారు? ఇంకా ఎవరూ చెయ్యలేదు, అంతే" అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాన్న ఆడింది మా గోళీగాడికి పాతికేళ్ళు అతుక్కుపోయింది.

ఈ ఏడాది నాన్న దుకాణం మూసేద్దామనుకున్నాడు. ఏడుస్తూ కాదు, హాయిగానే. "టీవీ పాడైతే కొత్తది కొనుక్కుంటున్నారు, నన్ను తలుచుకునే నాథుడే లేడు. డెబ్భై దాటాయి. ఇక మధ్యాహ్నం పూట పడుకుంటా" అన్నాడు. ఆరు వారాల తర్వాత ఒక ఆదివారం చివరిసారి షట్టరు దించుదామనుకున్నాం. అలా అనుకున్న మర్నాడే గోళీ మా ఇంటికొచ్చాడు.

"అక్కా, నేను ఆ వాయిద్యం చేస్తున్నా. షట్టరు దించేలోపు నాన్న తన కుర్చీలో కూర్చుని వినాలి."

"వింటాడు. బాగుందంటాడు. నువ్వు తుమ్మినా బాగుందంటాడు."

"బాగుందంటే చాలదు. 'ఇదే' అనాలి. అలా అన్నాడంటే అప్పట్లో నాకు చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది."

మావాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను సిటీ బస్సు నడుపుతాను. రెండు గంటలకు డ్యూటీ దిగి, తిండి కూడా తినకుండా వాడి ఇంటి వెనక షెడ్డుకు పరుగెత్తేదాన్ని. తిట్టుకుంటూనే వెళ్ళేదాన్ని, కానీ ఒక్కరోజు కూడా మానలేదు.

యంత్రం సంగతి చెప్పుకోవడానికి తేలికే. ఒక చెక్క పీపా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. దాని చుట్టూ వరుసలుగా బోల్టులు. బోల్టు వచ్చి మీటను నొక్కితే గొట్టంలోకి గాలి వదులుతుంది, రబ్బరు గోళీ ఎగిరి ఉక్కు పట్టీ మీద పడుతుంది, జారి మళ్ళీ గొట్టంలోకే చేరుతుంది. బోల్టు ఏ వరుసలో ఉంటే ఆ పట్టీ మోగుతుంది. అంతే. మొదటి వారం మాత్రం గోళీలన్నీ నా నుదుటి మీద మోగాయి.

"ఒరేయ్, ఆ వీడియోలో ఒక్క గోళీ అయినా ఇలా మనిషికి తగిలిందా?"

"అందులో నువ్వు అడ్డం లేవు కదక్కా."

సీడీ ఎప్పుడో పోయింది. ఎంత వెతికినా అలాంటిది మళ్ళీ దొరకలేదు. వాడు పాటంతా గుర్తు తెచ్చుకుంటూ బోల్టులు బిగించాడు. పాట సగంలో ఒకే వరుసలో నాలుగు బోల్టులు పక్కపక్కనే బిగించాడు. పీపా తిప్పితే ఒకే పట్టీ మీద టింగ్ టింగ్ టింగ్ టింగ్ అని నాలుగుసార్లు కొట్టి, అప్పుడు పాట ముందుకు సాగింది. నేను వాడి మొహం చూడలేక తల తిప్పుకున్నాను.

ఎందుకంటే అది పాట కాదు, సీడీ మీది గీత. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు నేను సీడీ మధ్యలో పెన్సిలు దూర్చి సిమెంటు నేల మీద బొంగరంలా తిప్పాను. బ్రహ్మాండంగా తిరిగింది, ఆ మాట ఇప్పటికీ చెప్తాను. ఆఖర్న ఒరిగి గరగరా గీసుకుపోయింది. గౌనుకు తుడిచి ఎక్కడిదక్కడ పెట్టేశాను. సాయంత్రానికి తొమ్మిది టీవీల్లోనూ గోళీ ఒకే పట్టీ మీద నాలుగుసార్లు కొట్టుకుంటోంది. ఎవరి పని అని నాన్న అడిగితే, "తమ్ముడే, ఎప్పుడూ దాన్ని ముట్టుకుంటాడు" అన్నాను. వాడు ముట్టుకునే మాట నిజమే. వేలెడంత పిల్లవాడు, తన వల్లే పాడైందనుకున్నాడు పాపం. నెల రోజులు దుకాణం గడప తొక్కకూడదని వాడికి శిక్ష పడింది. వాడు బయట అద్దానికి ముక్కు ఆనించి, నేను లోపల కౌంటరు మీద కూర్చుని, నెలంతా ఆ పాట చూశాం. నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

నాన్న దుకాణం పైన పిల్లలకు కీబోర్డు నేర్పే టీచరు ఉంటారు. పట్టీల శ్రుతి సరిచూడడానికి ఆవిడను షెడ్డుకు తీసుకొచ్చాం. ఆవిడ విని సగంలో చెయ్యెత్తారు.

"ఇక్కడేదో తప్పుంది బాబూ. స్వరం పైకెక్కాలి కదా, ఒకేచోట తచ్చాడుతోందేమిటి?"

"పాటలో అలాగే ఉందండీ. నాకు బాగా గుర్తు. నువ్వు చెప్పక్కా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను కంగారుపడి, "టీచరు గారు చెప్పిందే సరి. చదువుకున్నవాళ్ళు. మార్చెయ్" అన్నాను. వాడు నా మొహం ఒకసారి చూసి, మూడు బోల్టులు ఊడదీసి పై వరుసల్లో బిగించాడు.

ఆదివారం వచ్చింది. ఖాళీ అయిన దుకాణంలో యంత్రం నిలబెట్టాం. నాన్న కుర్చీలో కూర్చున్నాడు, పక్కన టీచరు. గోళీ మీట వేశాడు. పీపా తిరిగింది, గొట్టాలు బుస్సుమన్నాయి, గోళీలు ఎగిరి ఎగిరి పట్టీల మీద పడ్డాయి. ఒక్కటి కూడా గురి తప్పలేదు. పాట అయ్యాక టీచరు చప్పట్లు కొట్టారు.

"బాగుందిరా. చాలా బాగుంది" అన్నాడు నాన్న.

"ఇదేనా నాన్నా?"

నాన్న గడ్డం గోక్కున్నాడు. "దాదాపు ఇదే. ఎక్కడో ఏదో తేడా ఉంది. నేనే మర్చిపోయానేమో."

"పర్లేదులే నాన్నా" అని నవ్వి, గోళీ శుభ్రంగా ఉన్న గొట్టాన్నే గుడ్డతో తుడవడం మొదలెట్టాడు. ఆరు వారాల పని. వాడి వీపు చూస్తుంటే సిగ్గేసింది. ఇంక చాలనిపించింది.

"ఒరేయ్, ఆ మూడు బోల్టులూ ముందెక్కడున్నాయో అక్కడ పెట్టు" అన్నాను.

"టీచరు గారు తప్పన్నారు కదా?"

"ఆవిడ చెప్పింది అసలు పాటకు సరే. మన సీడీకి గీత ఉంది. గీసింది నేను."

"నేను కదక్కా గీసింది?"

"నువ్వు కాదురా. పెన్సిలు దూర్చి బొంగరం తిప్పాను. నీ పేరు చెప్పాను. అంతా విన్నారుగా, ఇక తిట్టుకోండి."

ఎవరూ తిట్టలేదు. గోళీ స్పానరు తీసుకుని మూడు బోల్టులు మార్చాడు. మళ్ళీ మీట వేశాడు. పాట సగానికి వచ్చింది. టింగ్ టింగ్ టింగ్ టింగ్.

నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇదే" అన్నాడు. "ఇదేరా. హాల్లో ఉందన్నానే, ఇదే."

గోళీ కళ్ళు తుడుచుకుని, నవ్వి, మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నాన్నా, మరి నా నెల రోజుల సంగతేంటి?"

నాన్న ఆలోచించాడు. "న్యాయమే. అమ్మాయ్, బయటికి నడు. నెల రోజులు గడప తొక్కకు."

"ఇవాళ షట్టరు దించేస్తున్నాం కదా నాన్నా."

"శిక్ష పూర్తి కాకుండా ఎలా దించుతాం? నెల అయ్యాక చూద్దాం."

నేను బయటికెళ్ళాను. తలుపు మూశారు. ముప్పై రెండేళ్ళ మా తమ్ముడు కౌంటరెక్కి కాళ్ళూపుతూ కూర్చున్నాడు. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. ఇవతలికి చప్పుడు రాదు. చప్పుడు లేకపోతే గోళీలు తప్ప చూడడానికి ఏమీ ఉండదు. ఏ గోళీ ఏ గొట్టంలోంచి లేస్తుందో, ఎంత ఎత్తుకు వెళ్తుందో, ఏ పట్టీ మీద పడుతుందో అన్నీ కనిపిస్తాయి. అప్పట్లో లోపల కూర్చున్న నాకు కూనిరాగం మాత్రమే మిగిలింది. వాడు యంత్రమంతా నేర్చుకున్నది ఇక్కడ నిలబడే. అప్పుడే నేను నిజం చెప్పుంటే ఏమయ్యేదోనని అనుకున్నాను. అయినా నాకు శిక్ష పడాల్సిందే, అది వేరే సంగతి.

పాట సగానికి వచ్చిందని గోళీలను చూసి తెలుసుకున్నాను. సరిగ్గా ఆ క్షణాన అద్దం మీద వేలితో నాలుగుసార్లు కొట్టాను. లోపల ముగ్గురూ ఒకేసారి నా వైపు తిరిగారు. వాళ్ళు నవ్వుతున్నది వినిపించలేదు, కనిపించింది.

ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. డ్యూటీ దిగి రోజూ వచ్చి అక్కడే నిలబడుతున్నాను. దారిన పోయేవాళ్ళు నాలుగైదుగురు నా పక్కన ఆగుతున్నారు, కొందరు మళ్ళీ మర్నాడు వస్తున్నారు. మధ్యాహ్నం పడుకుంటానన్న మనిషి తువ్వాలుతో పట్టీలు తుడుస్తూ తెగ తిరుగుతున్నాడు. ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ తర్వాత షట్టరు దించుతాడా అని నిన్న అద్దం ఇవతలి నుంచి సైగ చేసి అడిగాను. నాన్న నా మాట వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మీట వేశాడు.