రంగొచ్చిన కాయలు

జానకక్క పురుటికని వచ్చిన ఎండాకాలం మా ఇంటి నిండా మామిడికాయలే. తినడానికి మాత్రం ఒక్క పండు లేదు.

నా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. జమ్మికుంట దగ్గర మా తోటలో చెట్లన్నీ టెంకల నుంచి మొలిచినవి. ఒక చెట్టు కాయ ఇంకో చెట్టు కాయలా ఉండేది కాదు. సోంపు వాసన వచ్చేదాన్ని సోంపుచెట్టు అనేవాళ్ళం, పళ్ళ సందుల్లో ఇరుక్కునేదాన్ని పీచుచెట్టు అనేవాళ్ళం. ముదిరిన కాయలు కోసి అటక మీద వరిగడ్డిలో మాగవేస్తే, ఏది పండిందో వాసనే కిందికి దిగి వచ్చి చెప్పేది. మా బాపు దామోదర్‌రావు ఆ చెట్లన్నీ కొట్టించి బేనిషాన్ అంట్లు పెట్టించాడు. పాత రకాల తోలు పలచన, నాగపూర్ దాకా ఆగవని చెప్పాడు.

అంట్లు కాపుకు వచ్చాక టెంక ముదిరేదాకా కూడా ఆగడం మానేశారు. మొదట పోయిన లారీకే గిరాకీ. పచ్చి కాయలు పెట్టెల్లో పేర్చి, దారిలోనే రంగు రావడానికి ఒక్కో పెట్టెలో బూడిద రంగు రాయి ముక్కను కాగితంలో చుట్టి పెట్టేవాళ్ళు. దానికి మా కాయలు కొనే నాగపూర్ సేటు మనుషులు మసాలా అని పేరు పెట్టారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, నాగపూర్‌లో మామిడికాయ కూర వండుతారా అని అడిగింది. పొట్లాలు కట్టే సత్తమ్మకు వేళ్ళ చివర తోలు తెల్లగా ఊడిపోయింది. తడి తగిలితే ఆ రాయి బుసబుస పొంగి కుళ్ళిన ఎల్లిగడ్డ వాసన వచ్చేది. ఆ వాసన బియ్యంలోకి, దుప్పట్లలోకి, మా జడల్లోకి ఎక్కింది. పెట్టెలు పేర్చిన గదిని ఆనుకునే అక్క పురుటికి సిద్ధం చేసిన గది.

అక్కకు ఎనిమిదో నెల. అన్నం సయించడం లేదు. మామిడిపండు ఒక్కటే అడిగింది. గడ్డిలో మాగినవి ఎక్కడైనా దొరికితే తెప్పిస్తానని బాపు అన్నాడు, లారీల పనిలో పడి మరిచిపోయాడు. ఆ రోజు నాగపూర్ సేటు వస్తున్నాడని, మసాలా పెట్టి మాగబెట్టిన కాయలు కొన్ని నమూనాకు ముందు గదిలో పళ్ళెంలో పేర్చారు. పసుపు పూసినట్టున్నాయి. పొద్దున్నే అక్క అటు వెళ్తూ ఒకటి తీసుకుని తినేసింది. ఆమె వదిలేసిన ముక్క నేను చూశాను. తోలు కింద పసుపు, టెంక దగ్గర సొరకాయలా తెల్లగా ఉంది.

ఎండ ఎక్కేసరికి అక్క పెదవులు వాచాయి. తాగిన నీళ్ళు కూడా నిలవలేదు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే అవ్వ భయపడి, హుజూరాబాద్ డాక్టర్ దగ్గరికి జీపు తీయించమని బాపుకు కబురు పెట్టింది. అప్పటికే సేటు వచ్చి వరండాలో కూర్చున్నాడు. బాపు లోపలికి వచ్చి గొంతు తగ్గించాడు.

"జర ఓపిక పట్టుండ్రి. గిప్పుడు జీపుల పండవెట్టుకొని సేటు ముందుకెళ్ళి పోతే, ఏమైందని అడుగడా? లారీలు కదలంగనే పోదురు."

గడప దాటబోతూ మళ్ళీ ఆగాడు.

"గట్టిగ కక్కద్దని చెప్పుండ్రి దానికి."

ఎవరూ చెప్పే పని లేకపోయింది. అక్కే కొంగు మడిచి నోట్లో కుక్కుకుంది. చప్పుడు రాకుండా ఒళ్ళంతా ఎగిరిపడుతుంటే నేను ఆమె వీపు పట్టుకుని కూర్చున్నాను.

భోజనాలయ్యాక సేటుకు పండు కోసి తెమ్మని బాపు నన్ను పిలిచాడు. ఆ పళ్ళెంలోవే కోసి తీసుకెళ్ళాను. సేటు అప్పుడే చాయ్‌లో చక్కెర తక్కువైందని ఇంకో చెంచా వేయించుకుని తాగుతున్నాడు. ముక్కలు చూసి రంగు బంగారంలా వచ్చిందని మెచ్చుకున్నాడు. పళ్ళెం బాపు వైపు జరిపాడు.

"నాకు షుగర్ ఉన్నది, దొరా. మీరు తినుండ్రి."

"శనివారం నాకు ఒక్కపొద్దు, సేటూ."

"ఒక్కపొద్దున్నోళ్ళు పండ్లే గదా తినేది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. బాపు పళ్ళెం మా లెక్కలు రాసే మున్షీ లింగమూర్తి వైపు తోశాడు. వక్కలు నములుతున్న లింగమూర్తి తనకు పన్ను గుంజుతోందన్నాడు. పళ్ళెం బల్ల మీద అటూ ఇటూ జరిగి మధ్యలో ఆగింది. ఈగలు మాత్రం మొహమాటపడలేదు.

అంతలో లోపలి నుంచి అక్క గొంతు వినబడింది. కొంగు ఆపలేకపోయింది. ఏమిటని సేటు అడిగాడు. బిడ్డ పురుటికి వచ్చిందని, వేవిళ్ళని బాపు చెప్పాడు. ఎనిమిదో నెలలో వేవిళ్ళు. బయటివాళ్ళ ముందు నేను ఎన్నడూ నోరు విప్పినదాన్ని కాదు.

"వేవిళ్ళు కాదు. మా అక్క పొద్దుగాల గీ పండే తిన్నది. అప్పటిసంది కక్కుతున్నది."

లారీలు ఆగిపోతాయనుకున్నాను. సేటు ఉలిక్కిపడలేదు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"మసాలా ఎక్కువైందన్నట్టు. గట్లైతే సరుకు దారిలనే మెత్తవడుతది, దొరా. ధర జర దించాలె."

బాపు ఒప్పుకోలేదు. ఆడపిల్ల మాట పట్టుకుని ధర దించుతావా అన్నాడు. సేటు పెట్టెలన్నీ విప్పి చూపించమన్నాడు. లింగమూర్తి పన్ను సంగతి మరిచి మధ్యలో దూరాడు. అక్క ఏ గదిలో ఉందని గానీ, ఎట్లా ఉందని గానీ ఎవరూ అడగలేదు. చివరికి సేటు అన్న ధరే ఖాయమైంది. లారీలకు తాళ్ళు బిగించారు. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి బాపు జీపు తీయమని డ్రైవర్ కొమురెల్లికి చెప్పాడు, నా వైపు చూడకుండానే.

లారీలు మా ముందే బయలుదేరాయి. రోడ్డు సన్నం, దాటడానికి లేదు. కొమురెల్లి ఎంత హారన్ కొట్టినా పక్కకు జరగలేదు. పెట్టెల సందుల్లోంచి ఆ వాసన మా ముఖాల మీదికే కొట్టింది. అవ్వ అక్క ముక్కు మీద తడిగుడ్డ వేసి పట్టుకుంది. రెండుసార్లు జీపు ఆపాల్సి వచ్చింది. హుజూరాబాద్ చౌరస్తాలో లారీలు కరీంనగర్ వైపు మళ్ళాకే గాలి ఆడింది.

డాక్టర్ సెలైన్ ఎక్కించాడు. కడుపులో బిడ్డ కదులుతోందని చెప్పేదాకా అవ్వ చేతిలోని తడిగుడ్డ వదలలేదు. అక్క ఏం తిన్నదో నేను చెప్పాను. ఆయన తలూపి, ఈమెకు రక్తం తక్కువగా ఉంది, పండ్లు బాగా పెట్టండి అన్నాడు.

పొద్దు వాలుతుండగా బయటికి వచ్చాం. దవాఖాన గోడ పొడుగునా బండ్లు, బండ్ల మీద కుప్పలు, అన్నీ ఒకే పసుపు. డాక్టర్ చెప్పాడు కదా, ఏమైనా తెమ్మంటారా అని కొమురెల్లి అడిగాడు. అక్క ముఖం తిప్పుకుంది.

అవ్వ జీపు ఎక్కి, ఇంటికి కాదు, తన తమ్ముడి ఊరికి పొమ్మంది. దొర కోపం చేస్తాడని కొమురెల్లి నసిగాడు.

"చెయ్యనియ్యి. గా వాసనల నేను పురుడు పొయ్య. పోనియ్యి, తమ్మునింట్ల ఇంత గంజన్న దొరుకుతది."

కొమురెల్లి ఇంటి దారి వదిలి జీపును అటు తిప్పాడు.