ఫిట్టింగ్‌కి రావాల్సిన పాప

పసిపిల్లల బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో లేబుళ్లు వేసే పని ఆమెది. అందరూ డిక్షనరీ అని పిలుస్తారు. పిలవరా మరి! ఒకటే గుడ్డ, ఒకటే కుట్టు. బ్రిటన్ పెట్టెలోకి వెళ్తే అది నాపీ కవర్, అమెరికా పెట్టెలోకి వెళ్తే డైపర్ కవర్. తొడల మధ్య గుండీలు పడే బనీను వాళ్లకి వెస్ట్, వీళ్లకి బాడీసూట్. ఆ నొక్కుడు గుండీకి కూడా రెండు పేర్లే: బ్రిటన్‌లో పాపర్, అమెరికాలో స్నాప్. ఇక జంపర్‌తో పెద్ద తలనొప్పి. బ్రిటన్‌వాళ్లు ఊలు స్వెటర్‌ని అలా అంటారు, అమెరికావాళ్లు చేతుల్లేని గౌనుని అంటారు. ఇప్పుడైతే అన్నీ ఆమెకి కంఠతా వచ్చు.

చేరిన కొత్తలో ఆ జంపర్ దగ్గరే బోల్తా పడింది. అమెరికా వెళ్లాల్సిన స్వెటర్లకి జంపర్ అని లేబుళ్లు కుట్టేసింది. తిట్లు తిని అన్నీ విప్పుతుంటే ఒక స్వెటర్‌కి చిరుగు పడింది. అలా పాడైనవి పనివాళ్లు ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఆ బుల్లి చేతుల్ని ఒకసారి పట్టుకున్నాక ఆమెకి వదలబుద్ధి కాలేదు.

"ఎవరికే?" అని అడిగింది ఇస్త్రీ చేసే అక్క.

"మా పాపకి. మూడో నెల," అంది. నోరు జారింది, అంతే. మొగుడు వదిలేసి వెళ్లిన మాట నిజం. పాప మాత్రం లేదు.

అప్పటిదాకా వారం రోజులుగా ఆమె గోడవైపు తిరిగి ఒంటరిగా తింటోంది. ఆ మధ్యాహ్నం అక్క బెంచీ మీద జరిగి, "రా, ఇటు కూర్చో," అంది. ఆ బెంచీ తల్లులది. అక్కడ మాటలన్నీ పళ్లు, విరేచనాలు, మొదటి అడుగులు. అందులో పడిపోయింది ఆమె. పాపకి పళ్లొచ్చాయి, నడకొచ్చింది, అల్లరొచ్చింది. పగలంతా పక్కింటావిడ చూసుకుంటోందని చెప్పింది. సాయంత్రం గదికి పోయి తాళం తీస్తే ఒక మంచం, ఒక కుర్చీ. మాట్లాడే ప్రాణి లేదు. అలాగే రెండేళ్లు గడిచాయి.

ఒకరోజు సూపర్‌వైజర్ వచ్చాడు. స్లీపర్లు, అంటే పిల్లలు రాత్రి తొడుక్కునే బట్టలు, మెడ దగ్గర బిగుస్తున్నాయని అమెరికా నుంచి ఫిర్యాదట. ఇకమీదట పనివాళ్ల పిల్లలకే తొడిగి చూస్తారట.

"డిక్షనరీ, మీ పాపకి రెండేళ్లు కదా? రేపు ఫిట్టింగ్‌కి తీసుకురామ్మా."

ఆమె చేతిలోని లేబుళ్లు సర్దుతూ, "జ్వరం సార్," అంది.

"జ్వరమా? చెప్పవేంటే! రేపు నేనే మీ ఇంటికొచ్చి చూస్తా," అంది అక్క.

కొంప మునిగింది. ఊరికి పంపానంటే ఫోటో చూపించమంటారు. ఇంకెవరి పిల్లనైనా అడిగి తెస్తే ఆ పిల్ల తనని అమ్మా అనదు. గదిలో కూర్చుని ఎంత ఆలోచించినా తప్పించుకునే దారి ఒక్కటే కనిపించింది.

మర్నాడు బెంచీ మీద కూర్చుని, "పాప..." అంది. అందరి చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి.

"ఏమైందే?" అంది అక్క, కంగారుగా భుజం పట్టుకుని.

పోయింది అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. అందరూ చుట్టూ చేరతారు, దగ్గరకు తీసుకుంటారు, బెంచీ మీద చోటు ఎక్కడికీ పోదు. కానీ పెంచిన నోటితో ఆ మాట ఎలా అంటుంది?

"పాప లేదక్కా. ఎప్పుడూ లేదు. నేనే కల్పించి చెప్పాను."

అక్క చెయ్యి తీసేసింది. "మా వాడికి పళ్లొచ్చేటప్పుడు నువ్వు చెప్పిన చిట్కానే చేశానే! నీ పాపకి తగ్గిందన్నావని!"

టిఫిన్ డబ్బాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బెంచీ ఖాళీ అయింది. అప్పుడు పొంగుకొచ్చింది ఏడుపు. కన్నబిడ్డ పోయినవాళ్లు ఏడ్చినట్టే, గుండెలవిసేలా ఏడ్చింది.

తలుపు దాకా వెళ్లిన అక్క వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి, ఆగిపోయింది.

"ఏమని చెప్పి ఓదార్చనే నిన్ను?" అంది.