సున్నాకు ముందు వరుస

బావ బాగు కోరేవాడు బామ్మర్ది అంటారు. ఈ ఇద్దరి విషయంలో అది తిరగబడింది. మంచాన పడింది బామ్మర్ది, అతని బాగు కోరి లెక్క చెడగొట్టింది బావ.

ఇద్దరూ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయినవాళ్ళే. ఊరికే కూర్చోలేక ఒక మహా సంఖ్యని తగులుకున్నారు. రెండుని రెండుతో కోట్లసార్లు గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది. అది ప్రధాన సంఖ్యా, కాదా? తేల్చడానికి పద్ధతి ఉంది. నాలుగుతో మొదలుపెట్టి వర్గం చెయ్యాలి, రెండు తియ్యాలి, ఆ మహా సంఖ్యతో భాగించాలి, మిగిలిన శేషాన్ని మళ్ళీ వర్గం చెయ్యాలి. ఇలా కోట్ల వరుసలు. ఆఖరి వరుసలో సున్నా వస్తే ప్రధానం. మధ్యలో ఒక్క అంకె తప్పితే ఆ పైనదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ చాకిరీ అంతా బావ ఇంటి వెనక గదిలో కంప్యూటరు చేస్తోంది.

సున్నా వచ్చే పక్షంలో దాని ముందు వరుసలో ఉండేది రెండు తాలూకు ఒక ఘాతమే, ప్లస్సో మైనస్సో. ఏ గుర్తన్నది లెక్క చెయ్యకుండా చెప్పే సూత్రం ఎవరికీ తెలీదు. బావ ప్లస్ అన్నాడు, బామ్మర్ది మైనస్ అన్నాడు. ఆ పందెం మీద చిన్నపిల్లల్లా కీచులాడుకుంటుంటే ఇంటావిడ మొగుడికీ తమ్ముడికీ కలిపి తలంటేది.

ఇంతలో బామ్మర్దికి ఊపిరితిత్తులు చెడ్డాయి. డాక్టరు పెదవి విరిచాడు. "సున్నా వచ్చిందో లేదో తెలుసుకుని పోతే చాలు బావా" అన్నాడతను. బావకి తొందర పుట్టింది. కంప్యూటరు తన లెక్కని తనే సరిచూసుకునే ఏర్పాటు ఒకటుంది. దానివల్ల పని కాస్త నెమ్మదిస్తుందని బావ దాన్ని ఆపేశాడు. ఉద్యోగమంతా పిల్లలకి సరిచూసుకోండ్రా అని అరిచిన మనిషి.

ఇవాళ పొద్దున ఆఖరి వరుస వచ్చింది. సున్నా రాలేదు. పోనీ ప్రధానం కాదేమోలే అని సరిపెట్టుకోడానికీ లేదు. ఆపేసిన ఏర్పాటుని మళ్ళీ పెట్టి చూస్తే, లెక్క ఎక్కడో తప్పిందని తేలింది. ఎండలు ముదిరి యంత్రం వేడెక్కినప్పుడే అయ్యుంటుంది. పాత వరుసలేవీ దాచిపెట్టలేదు, మొదట్నించీ చెయ్యాలంటే నెలలు పడుతుంది, బామ్మర్దికి అంత వ్యవధి లేదు. బావ కసిగా ప్లగ్గు పీకేసి ఆస్పత్రికి బయల్దేరాడు.

"సున్నా వచ్చిందిరా" అన్నాడు, మంచం పక్కకి స్టూలు లాక్కుంటూ.

బామ్మర్ది ముఖం మీది మాస్కు కాస్త జరిపాడు. "ముందు వరుస?"

దారంతా సున్నా అని ఎలా చెప్పాలా అనే ఆలోచించాడు గానీ ఈ ప్రశ్న తట్టలేదు బావకి. పోయేవాడి మీద పందెం గెలవడానికి నోరు రాలేదు.

"మైనస్. నువ్వే గెలిచావు."

బామ్మర్ది బావ మొహంలోకి పరీక్షగా చూశాడు.

"ప్లస్ అనుంటే నమ్మేవాణ్ణి బావా. నేను గెలిస్తే నువ్వింత తేలిగ్గా ఒప్పుకుంటావా? మూడుసార్లు సరిచూస్తే గానీ నా మొహం చూసేవాడివి కాదు."

బావ తల వంచుకున్నాడు. ఏడుపొచ్చింది.

"పోన్లే. మళ్ళీ మొదలెట్టావా?"

"ఆఁ, మొదలెట్టే వచ్చా. ఈసారి సరిచూసుకుంటూనే చేస్తోంది."

"అదీ పద్ధతి" అని బామ్మర్ది కళ్ళు మూసుకున్నాడు. ఆ అబద్ధాన్ని మాత్రం అతను సరిచూడలేదు.